ఆకు ఒకరిది, పువ్వు ఇంకొకరిది

వరంగల్ చౌరస్తా దగ్గర మాది ఆయుర్వేద మందుల దుకాణం. బాపు పెట్టింది. పది అడుగుల వెడల్పు, వెనక చిన్న గోదాం, ముందు అద్దం పరిచిన కౌంటర్. త్రిఫల, అశ్వగంధ, చ్యవనప్రాశ అన్నీ ఉంటాయి కానీ ఎక్కువ పోయేవి నొప్పుల నూనెలే. మోకాళ్లు అరిగిన వరంగల్ అంతా మా గడపే ఎక్కుతుందా అనిపిస్తుంది ఒక్కోసారి.

పోయిన వానాకాలంలో ఒక రిటైర్డ్ లెక్కల సారు వచ్చారు. చాలా ఏళ్లుగా మాకు ఖాతాదారు. గొడుగు మడిచి మూలకు పెట్టి, ఫోన్ నా ముందుకు జరిపి, "ఇది నీ దగ్గర దొరుకుతదా?" అన్నారు. తెర మీద ముదురు రంగు గాజు సీసా, దాని మీద వేళ్లు చాపినట్టున్న ఆకు బొమ్మ. విజయ తైలం. ఆయన భార్యకు కీమో నడుస్తోంది. అరికాళ్ల మంట, రాత్రిళ్లు నిద్ర లేదు. బెంగళూరులో ఉన్న కొడుకు ఆ లింకు పంపాడు.

"లేదు సారూ."

"తెప్పిస్తవా?"

"తెప్పించలేను సారూ. అది గంజాయి కదా," అన్నాను గొంతు తగ్గించి. పక్కన ఇంకో ఇద్దరు నిలబడి ఉన్నారు.

"మందు అని రాసి ఉందిగదయ్యా," అన్నారాయన. ఫోన్ జేబులో పెట్టుకుని, గొడుగు మరిచిపోయి వెళ్లిపోయారు.

వారం తిరగలేదు. కొరియర్ పిల్లగాడు బండి ఆపి అడ్రసు అడిగాడు. అట్టపెట్టె మీద సారు పేరు, పంపిన కంపెనీ పేరు రెండూ ఉన్నాయి. "ఆ గొడుగు కూడా ఇచ్చేయ్ తమ్మీ," అని చేతిలో పెట్టాను. నేను అమ్మలేనన్న సీసా, సారు గొడుగుతో కలిసి మా కళ్లముందే వీధి చివరికి పోయింది.

ఆ నూనెతో ఆమెకు ఎంత తగ్గిందో నేను రాయను. నేను వైద్యుణ్ని కాను, ఆయన కూడా ఏమీ చెప్పలేదు. నాకు మింగుడు పడనిది వేరే. ఇంటికి కొరియర్‌లో రాగలిగిన మందు కౌంటర్ మీద ఎందుకు ఉండలేకపోయింది?

బాపు కాలంలో ఈ ప్రశ్న వేరేలా ఉండేదట. జాతీఫలాది చూర్ణం అని గ్రహణికి, విరేచనాలకు వాడే పాత మందు ఒకటుంది. అందులో జాజికాయ పేరుకే ముందుంటుంది, భంగు (గంజాయి ఆకు) వంతే బాగా ఎక్కువ. శార్ఙ్గధర సంహిత కాలం నుంచే భంగు మన వైద్యంలో ఉంది. శాస్త్రంలో దాని పేరు విజయ. వాత, పిత్త, కఫాలలాగే అదీ ఒక మాట, దాన్ని చెప్పడానికి ఎవరూ గొంతు తగ్గించేవాళ్లు కాదు. 1985లో మత్తుమందులను అదుపు చేసే ఎన్‌డీపీఎస్ చట్టం వచ్చింది. అదే ఏడాది అమెరికాలో మందులకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ, గంజాయిలో మత్తెక్కించే టీహెచ్‌సీ అనే పదార్థాన్ని ఫ్యాక్టరీలో తయారుచేసి నింపిన మాత్రకు, కీమో వాంతులకు వాడుకోవచ్చని అనుమతి ఇచ్చింది. ఒకే ఏడాదిలో అక్కడ ఒక తలుపు కొంచెం తెరుచుకుంది, ఇక్కడ ఒకటి మూసుకుంది.

నిజానికి పూర్తిగా మూసుకోలేదు. అసలు తలనొప్పి అక్కడే.

చట్టం గంజాయి అన్నది మొక్క కొనల్లోని పూతను. జిగురు తీస్తే చరస్. పూత కలవని ఆకు, గింజ ఆ నిర్వచనంలోకి రావు, చట్టంలోనే స్పష్టంగా మినహాయించారు. కాశీకి పోయొచ్చినవాళ్లు ప్రభుత్వ లైసెన్సు ఉన్న భంగు దుకాణాల బోర్డులు చూసే ఉంటారు. జైసల్మేర్‌లోనూ ఉన్నాయి. అవి నడిచేది ఈ మినహాయింపు మీదే. ఆకు సంగతి రాష్ట్రాల ఎక్సైజ్ చూసుకుంటుంది. గింజను 2021 నవంబరులో ఆహార భద్రత చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆహారంగా ఒప్పుకుంది. గింజల నూనె, పిండి వంటింట్లోకి వచ్చేశాయి. ఆకుతో మందు చేస్తే అది ఆయుష్ లైసెన్సు కిందికి వస్తుంది. డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ నిబంధనల్లోని షెడ్యూల్ ఈ–1లో, అంటే విషగుణమున్న పదార్థాల జాబితాలో, భంగు పేరుంది, కాబట్టి వైద్యుని పర్యవేక్షణలో మాత్రమే వాడాలని సీసా మీద హెచ్చరిక ముద్రించాలి.

అంటే మొక్క ఒకటే. పూత పోలీసులది, ఆకు ఎక్సైజ్ వాళ్లది, గింజ ఫుడ్ ఇన్‌స్పెక్టర్‌ది, వీటితో చేసిన మందు ఆయుష్‌ది. మా పాత ఇల్లు అన్నదమ్ములు పంచుకున్నప్పుడు కూడా ఇంత వివరంగా గోడలు కట్టలేదు.

సారు వచ్చిపోయిన నెలలోనే పట్టుదలతో మూడు ఆఫీసులు తిరిగాను. పేర్లు ఎందుకులెండి. మొదటి చోట, "ఆయుర్వేదం అమ్మడానికి లైసెన్సే అక్కర్లేదు గదా, ఎందుకొచ్చినవ్?" అన్నారు. ఆ మాట నిజమే. ఆయుర్వేద మందుల తయారీకి లైసెన్సు కావాలి కానీ చిల్లర అమ్మకానికి డ్రగ్ లైసెన్సు అవసరం లేదు. "మరి ఇది అమ్మొచ్చా?" అంటే మాత్రం పక్క ఆఫీసు చూపించారు. పక్క ఆఫీసాయన సీసా ఫొటో వైపు రెండుసార్లు, నా వైపు మూడుసార్లు చూశాడు. మూడో ఆఫీసులో పెద్దాయన మంచివాడు. చాయ్ తెప్పించాడు. "ఆ పేరెందుకు ఎత్తుతున్నవే, లేనిపోని టెన్షన్. అమ్మకు. అయిపాయె," అన్నాడు.

అమ్మొద్దని కాగితం మీద ఎవరూ రాసివ్వలేదు. అమ్మొచ్చని కూడా ఎవరూ రాసివ్వలేదు.

అదే సమయానికి ఒక కంపెనీ ఏజెంటు కూడా దొరికాడు. చొక్కా ఇస్త్రీ నలగని కుర్రాడు. కనీస ఆర్డరు ఇంత, డబ్బు ముందే కట్టాలి, అమ్ముడుపోకపోతే వాపసు తీసుకోరు. ఒప్పందం కాగితం చివర్లో చిన్న అక్షరాలతో ఒక వాక్యం: స్థానిక చట్టాలకు సంబంధించిన బాధ్యత అంతా విక్రేతదే. ల్యాబ్ సర్టిఫికెట్ జిరాక్స్ ఒకటి ఇచ్చాడు. "ఎవరన్నా వస్తే ఇది చూపించండి సార్," అన్నాడు.

ఎవరైనా వస్తే ఏమవుతుందో ఊహించుకోండి. వచ్చినవాళ్లకు సీసాలో ఉన్నది ఆకు సారమా, పూత సారమా కంటితో తెలియదు. నాకూ తెలియదు. ఫోరెన్సిక్ ల్యాబ్ తేల్చాలి. పూత కలిసిందని తేలితే, శిక్షను నిర్ణయించే తూకం లెక్క ఇంకో గండం. 2009 నోటిఫికేషన్ తర్వాత అసలు మత్తు పదార్థం ఎంతుందని కాక, కలిపిన నూనెతో సహా మొత్తం బరువు చూస్తారు. 2020లో సుప్రీంకోర్టు కూడా ఆ పద్ధతి సరైనదే అంది. పైగా ఈ చట్టంలో తెలిసే చేశాడని ముందు అనుకుంటారు, తెలియదని రుజువు చేసుకోవాల్సింది మనం. ల్యాబ్ రిపోర్టులో "ఆకే" అని రావచ్చు. అది వచ్చేలోపు పేపర్లో ఫొటో వచ్చేస్తుంది. "ఆయుర్వేదం ముసుగులో" అన్న శీర్షిక కింద బాపు పేరున్న బోర్డు నా కళ్ల ముందు కదలాడింది. ఏజెంటుకు చాయ్ తాగించి పంపించేశాను.

ఆ కంపెనీకి బెంగళూరులోనో ముంబైలోనో ఒక వకీలు ఆఫీసు ఉంటుంది. నెలకు ఇంతని ఇస్తారు. లెక్కల పుస్తకంలో అదొక పద్దు, దాన్ని వేల సీసాల మీద పంచుకుంటారు. నెలకు నాలుగు సీసాలు అమ్మేవాడు వకీలును ఏ సీసా మీద పంచుతాడు? ఆన్‌లైన్ వాళ్లకైతే దారి కూడా చూపించారు. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఈ–కామర్స్ వాళ్లకు ఒక సూచన జారీ చేసింది. షెడ్యూల్ ఈ–1 పదార్థాలున్న మందులు అమ్మేముందు డాక్టరు చీటీ అప్‌లోడ్ చేయించుకోండి అని. మంచి నిబంధన, ఒక్క ముక్కలో ఉంది, ఎవరికైనా అర్థమవుతుంది. సారు కొడుకు చేసింది అదే: వీడియో కాల్‌లో డాక్టరు, చీటీ, అప్‌లోడ్, కొరియర్. చీటీ చూసి ఇవ్వడం నాకు రాదా? డాక్టర్ల గొలుసు రాతలు చదువుకుంటూ పెరిగినవాణ్ని.

ఈ మాట అంటే మా దోస్తులు, "అమెరికాలా చేస్తే సరి, అక్కడంతా ఓపెన్," అంటారు. మా చిన్నాయన కొడుకు డాలస్‌లో ఉంటాడు కాబట్టి అక్కడి సంగతి కొంచెం తెలుసు. పక్కనే ఓక్లహోమా రాష్ట్రం. అక్కడ 2018లో జనం ఓటేసి వైద్య గంజాయిని ఒప్పుకున్నారు. లైసెన్సు ఫీజు 2,500 డాలర్లు, ఎన్ని దుకాణాలైనా పెట్టుకోవచ్చు. ఇంకేముంది, మన దగ్గర సెల్‌ఫోన్ రీచార్జి షాపులు వెలిసినట్టు వెలిశాయి. చిన్నవాళ్లకు మంచిదే అనుకున్నారు. సరుకు పొర్లిపోయి ధర పడిపోయింది, ముందు మునిగింది చిన్నవాళ్లే. 2022లో కొత్త లైసెన్సులు ఆపేశారు. ఫ్లోరిడాలో తీరు దీనికి పూర్తిగా ఎదురు. విత్తు నాటిన కంపెనీయే పండించాలి, మందు చేయాలి, అమ్మాలి. మొదట్లో 50 లక్షల డాలర్ల బాండు కూడా అడిగారు. ఏనుమాముల మార్కెట్లో మిర్చి కమీషన్ దుకాణం పెట్టాలంటే ముందు నువ్వే మిర్చి పండించాలి, కారం గిర్ని కూడా నీదే ఉండాలి అన్నట్టు. అక్కడ చిన్న దుకాణం అన్న మాటే లేదు.

డాలస్‌లోని ఆ తమ్ముణ్ని ఒక స్నేహితుడు ఓక్లహోమాలోని టల్సాలో గంజాయి దుకాణానికి భాగస్వామిగా రమ్మన్నాడు. వాడికి గ్రీన్‌కార్డు ఉంది, పౌరసత్వానికి దరఖాస్తు పెట్టే ఆలోచనలో ఉన్నాడు. వకీలును అడిగితే, "ఆ వైపు తల కూడా తిప్పకు," అన్నాడట. రాష్ట్రం లైసెన్సు ఇచ్చినా కేంద్ర చట్టంలో గంజాయి నేరమే. రాష్ట్ర చట్టం ప్రకారం ఆ వ్యాపారంలో పనిచేసినా సత్ప్రవర్తన లేదని పౌరసత్వం నిరాకరించవచ్చని 2019 ఏప్రిల్‌లో వాళ్ల ఇమిగ్రేషన్ శాఖ తేల్చి చెప్పింది. తమ్ముడు బతికిపోయాడు. పిన్నమ్మకు మాత్రం ఈ కథ ఇప్పటికీ తెలియదు, మీరూ చెప్పకండి.

అక్కడి పన్ను సంగతి వింటే కిరాణా కొట్టువాడికి కూడా కడుపులో తిప్పుతుంది. 1981లో మినియాపొలిస్‌లో మత్తుమందులు అమ్మే ఒకడు ట్యాక్స్ కోర్టుకెక్కి, నా త్రాసు ఖర్చు, ఫోన్ ఖర్చు, కారు ఖర్చు మినహాయించాలి అని వాదించాడు. కోర్టు చాలావరకు సరే అంది. వాళ్ల కాంగ్రెస్‌కు ఒళ్లు మండి, మరుసటి ఏడాదే పన్ను చట్టంలో 280ఈ అనే సెక్షన్ పెట్టింది. కేంద్రం అన్నిటికన్నా గట్టిగా అదుపు చేసే షెడ్యూల్ 1, 2 మాదకద్రవ్యాల వ్యాపారికి సరుకు ఖరీదు తప్ప ఏ ఖర్చూ మినహాయించరు. దొంగ వ్యాపారి కోసం రాసిన ఆ సెక్షన్, తర్వాత లైసెన్సు తీసుకుని బోర్డు పెట్టుకున్న దుకాణాల మెడకు చుట్టుకుంది.

మన రూపాయల్లో లెక్క వేస్తాను. 100 రూపాయల అమ్మకం. సరుకు కొన్నది 60. కిరాయి, జీతాలు, కరెంటు కలిపి 30. మిగిలింది 10. మామూలు దుకాణం ఆ 10 మీద పన్ను కడుతుంది. ఆ సెక్షన్ కింద ఉన్న గంజాయి దుకాణం 40 మీద కట్టాలి. కార్పొరేట్ పన్ను 21 శాతం, అంటే 8 రూపాయల 40 పైసలు. రోజంతా నిలబడి వ్యాపారం చేసినవాడి చేతిలో రూపాయి అరవై పైసలు. కిరాయి ఇంకో రెండు రూపాయలు పెరిగితే పన్ను కట్టాక మిగిలేది నష్టమే. పెద్ద కంపెనీ ఆ నష్టాన్ని షేర్లమ్మి నాలుగేళ్లు మోస్తుంది. చిన్నవాడు పెళ్లాం గాజులమ్మి ఎన్ని నెలలు మోస్తాడు? బ్యాంకులు కూడా చాలావరకు దగ్గరికి రానివ్వవు కాబట్టి పెట్టెల నిండా నగదు, తలుపు దగ్గర తుపాకీ పట్టుకున్న కాపలా.

కాబట్టి అమెరికాను చూసి నేర్చుకోవాల్సింది అనుమతి ఒక్కటే కాదు. ఒక చేత్తో లైసెన్సు ఇచ్చి ఇంకో చేత్తో గొంతు నొక్కడం ఎలా ఉంటుందో కూడా అక్కడే కనిపిస్తుంది. థాయిలాండ్‌ది ఇంకో రకం. 2022 జూన్‌లో తలుపులు బార్లా తెరిచారు, 2025 జూన్‌లో చీటీ లేనిదే పూత అమ్మకూడదన్నారు. మధ్య మూడేళ్లలో అప్పు తెచ్చి కొట్టు పెట్టినవాడి సంగతి ఎవరికీ పట్టలేదు.

మా ఇంట్లోనే జరిగిన ఒక సంగతి రాయకుండా ముందుకు పోలేను. 2008లో మా నాయనమ్మకు దవడలో క్యాన్సర్ వచ్చింది. జీవితమంతా తంబాకు నమిలింది. చివరి నెలల్లో మంచినీళ్లు మింగాలన్నా పక్క నలిగిపోయేలా గుప్పిట బిగించేది. డాక్టరు మార్ఫిన్ మాత్రలు రాశాడు. ఆ చీటీ పట్టుకుని నేను వరంగల్‌లో, హన్మకొండలో కనిపించిన ప్రతి మెడికల్ షాపు ఎక్కాను. ఒకాయన చీటీ చదివి, మడిచి నా చేతిలో పెట్టి, "ఇది ఎవరి దగ్గరా దొరకదు తమ్మీ. ఇంకో చోట అడగకు కూడా," అన్నాడు. తెల్లారి గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కి పట్నం పోయి, రెడ్‌హిల్స్ ఎమ్‌ఎన్‌జే క్యాన్సర్ దవాఖానలో గంటల తరబడి వరుసలో నిలబడితే పదిహేను రోజులకు సరిపడా ఇచ్చారు. చిన్న మాత్రలు, చవకైనవి. ఆ రాత్రి నాయనమ్మ పడుకుంది. అలా ఆమె పడుకోవడం చూసి, భయమేసి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను.

మార్ఫిన్‌ను ఎవరూ నిషేధించలేదు. నల్లమందు సర్కారు లైసెన్సుతో మన దేశంలోనే పండుతుంది. 1985 చట్టం తర్వాత ఒక ఆసుపత్రి మార్ఫిన్ పెట్టుకోవాలంటే రాష్ట్రాన్ని బట్టి నాలుగైదు లైసెన్సులు కావాల్సి వచ్చేవి, అన్నీ ఒకే సమయంలో చెల్లుబాటులో ఉండాల్సి వచ్చేది. చివరిది చేతికొచ్చేసరికి మొదటిదాని గడువు తీరేది. దవాఖానలు, దుకాణాలు ఎందుకొచ్చిన గొడవ అని మానేశాయి. పదేళ్లు దాటేసరికి దేశంలో మార్ఫిన్ వైద్య వాడకం 90 శాతానికి పైగా పడిపోయింది. కేరళకు చెందిన డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ లాంటివాళ్లు ఏళ్ల తరబడి పోరాడాక, 2014లో చట్టం సవరించి, గుర్తింపు పొందిన వైద్య సంస్థకు ఒకే అనుమతి చాలన్నారు. మా నాయనమ్మ అప్పటికి ఆరేళ్ల కింద పోయింది.

ఇప్పుడు విజయ తైలం దగ్గర అదే కథ మళ్లీ మొదటి పేజీ నుంచి మొదలైనట్టుంది నాకు.

"నీకేంది, దుకాణం నడవాలె. పిల్లలు ఖరాబైతున్నరు," అని మా ఇంటావిడే అంది. ఆ మాట తేలిగ్గా కొట్టేయలేను. ఒడిశా సరిహద్దు నుంచి వచ్చే సరుకుకు మన కాజీపేట జంక్షన్, వరంగల్ స్టేషన్ దారి. సీట్ల కింద బ్యాగులు దొరికాయని పేపర్లో చదవడం మనకు అలవాటైపోయింది. మా గల్లీలోనే ఇంటర్ మధ్యలో ఆపేసిన పిల్లగాడు ఒకడున్నాడు. వాళ్లమ్మ ఇప్పటికీ మా దుకాణానికి వచ్చి, జ్ఞాపకశక్తికి ఏదన్నా లేహ్యం ఉందా అని అడుగుతుంది. నేను ఇస్తాను, డబ్బు తీసుకోవడానికి చెయ్యి రాదు. 2021లో గంజాయి వేసిన రైతుకు రైతుబంధు ఆపాలని సర్కారు అన్నప్పుడు నేను తప్పుబట్టలేదు. ఇప్పుడు ఈగల్ పేరుతో ప్రత్యేక దళమే ఉంది. గట్టిగానే ఉండనివ్వండి.

గట్టి నిబంధనకు చిన్న దుకాణం బెదరదు. మా పక్క మెడికల్ షాపాయన్ను చూడండి. ఆల్‌ప్రాజోలం అంటే మన దగ్గర ఏంటో తెలుసు కదా, కల్తీ కల్లులో కలిపేది. అది షెడ్యూల్ హెచ్–1లో ఉంది. అమ్మిన ప్రతిసారీ డాక్టరు పేరు, రోగి పేరు, మందు, ఎన్ని మాత్రలు అని ప్రత్యేక రిజిస్టరులో రాయాలి, మూడేళ్లు దాచాలి. 2014 నుంచి రాస్తున్నాడు. మొదట్లో తిట్టుకున్నాడు. ఇప్పుడు ఆ పొడుగు పుస్తకాన్ని గల్లాపెట్టె పక్కనే పెట్టుకుంటాడు, పెన్నుకు దారం కట్టి. తనిఖీకి ఎవరైనా వస్తే పుస్తకం తెరిచి వాళ్లవైపు తిప్పుతాడు, మాట్లాడడు. పోయినసారి వచ్చినాయన పది నిమిషాల్లో సంతకం పెట్టి పోయాడు. ఆ పుస్తకం ఆయనకు బరువే, కానీ ఏం రాయాలో తెలుసు, రాస్తే ఎవరూ ఏమీ అనరనీ తెలుసు. నాకు అలాంటి పుస్తకం ఒకటి కావాలి.

ఉత్తరాఖండ్ 2018లోనే పారిశ్రామిక జనుముకు, అంటే నార కోసం, గింజ కోసం పెంచే మత్తు తక్కువున్న గంజాయి మొక్కకు, లైసెన్సులు మొదలుపెట్టింది, టీహెచ్‌సీ 0.3 శాతం దాటకూడదని. ఆ 0.3 ఎక్కడిదంటే, 1970ల్లో కెనడా వృక్షశాస్త్రవేత్త ఎర్నెస్ట్ స్మాల్ మొక్కల్ని రెండు గుంపులుగా విడదీయడానికి తన వీలు కోసం గీసుకున్న గీత. అది ప్రకృతి పెట్టిన హద్దు కాదని ఆయనే చెప్పుకున్నాడు. కానీ ఆ గీత దాటిన పంటను నాశనం చేయాల్సిందే. గీత ఎక్కడో ఒక చోట గీయాల్సిందే, ఒప్పుకుంటాను. కొలిచే ల్యాబ్ ఊరికి దగ్గర్లో లేకుండా గీత గీస్తే, ఆ పరీక్ష ఖర్చు భరించగలిగినవాడే రైతుగా మిగులుతాడు. మన భూపాలపల్లి వైపు పత్తి రైతుకు పురుగుమందు నకిలీదో కాదో తేల్చుకోవడానికే దిక్కులేదు.

దీపావళి పోయాక ఒక పేజీ దరఖాస్తు రాశాను. తెలుగులోనే. ఆకుతో చేసిన, ఆయుష్ లైసెన్సున్న మందును డాక్టరు చీటీ చూసి, రిజిస్టరులో రాసి మా జిల్లాలో అమ్మవచ్చా లేదా, అమ్మవచ్చంటే తనిఖీకి ఏ శాఖ వస్తుంది, ఆ శాఖకు నేను ఏ కాగితం చూపించాలి. వద్దంటే వద్దనే రాసివ్వండి, అదీ నాకు పనికొస్తుంది అని చివర్లో రాశాను. రెండు ప్రతులు పట్టుకుపోతే గుమస్తా చదివి, మళ్లీ చదివి, నవ్వి, రెండో ప్రతి మీద గుండ్రటి సీలు వేసి, తేదీ వేసి, పొట్టి సంతకం పెట్టి ఇచ్చాడు. జవాబు రాలేదు.

ఆ ప్రతిని కౌంటర్ అద్దం కింద పెట్టాను. మొన్న ఒక కొత్త గిరాకీ సీలు మీద వేలు పెట్టి, "ఇది లైసెన్సా అన్నా?" అని అడిగాడు. కాదన్నాను. నొప్పుల నూనె చిన్న సీసా తీసుకుని, చిల్లర లెక్కబెట్టుకుని పోయాడు.